సెయింట్ థామస్ దీవిలో ఒక పగలు



గత నెల ఈ పేజీలో మా అబ్బాయి మమ్మల్ని మయామి రేవులో ఓడ ఎక్కించిన సంగతి వ్రాశాము. దాన్ని చదివి ఒక సహోదరి, "అంత పెద్ద ఓడలో మనవాళ్లకు అన్నం దొరుకుతుందా?" అని ఉత్తరం వ్రాశారు. దొరుకుతుందమ్మా. దొరకడమే కాదు, వడ్డించుకొని తినకుండా వదిలేసి లేచిపోయేవాళ్ల పళ్లేలు చూసి మొదటి రెండు రోజులు మాకు ముద్ద దిగలేదు. ఆ సంగతి మరొక నెల చెప్పుకుందాము. ఈ నెల మాత్రం ఆ ప్రయాణంలో నేల మీద గడిపిన ఒక్క పగటిని గూర్చి వ్రాయాలని కూర్చున్నాము. వ్రాయక తప్పని కారణం ఒకటి ఉన్నది. అది చివర తెలుస్తుంది.

2024 జనవరి నెల. శనివారం సాయంత్రం ఓడ ఎక్కితే మంగళవారం ఉదయానికి గాని నేల కనబడలేదు. తెల్లవారి లేచి చూసేసరికి ఎదురుగా పచ్చని కొండలు, కొండల నిండా తెల్లని గోడలు, ఎర్రని కప్పులు. అదే సెయింట్ థామస్ దీవి. కరీబియను సముద్రంలో అమెరికావారి పాలనలో ఉన్న వర్జిన్ దీవులలో ఇది ఒకటి. పొడవు పదమూడు మైళ్లు, వెడల్పు నాలుగు మైళ్లకు మించదు. మన వైపు ఒక మండలమంత కూడా కాదేమో. డెన్మార్కు దేశస్థులు 1672లో దీనిని పట్టుకొని రెండు వందల యేండ్లకు పైగా ఏలారు. తరువాత 1917లో ఈ దీవిని, పక్కనున్న సెయింట్ జాన్, సెయింట్ క్రాయ్ దీవులను కలిపి రెండు కోట్ల యాభై లక్షల డాలర్లకు అమెరికాకు అమ్మివేశారు. పొలం అమ్మినట్టు దీవులను అమ్ముతారని, అందులోని మనుష్యులను ఎవరూ అడగరని మాకు అక్కడికి వెళ్లేవరకు తెలియదు.

ఈ దీవిలో నదులు లేవు. ఇంటి కప్పు మీద పడిన వాన నీళ్లు గొట్టాల గుండా ఇంటి కింద కట్టిన తొట్టిలోకి దిగుతాయి. ఆ నీళ్లే ఏడాది పొడుగునా వాడుకుంటారు. ఇల్లు కట్టేవారు తొట్టి కూడా కట్టి తీరాలని చట్టమే ఉన్నది. మన ఊళ్లలో వాన నీళ్లన్నీ వీధి కాలువ పాలు చేసి వేసవిలో ట్యాంకరు కోసం బిందెలు పెట్టి కూర్చుంటాము గనుక ఈ మాట వ్రాస్తున్నాము.

ఓడ రేవులో ఆగింది. "సాయంత్రం నాలుగున్నరకు తిరిగి ఎక్కాలి, ఆలస్యమైతే ఓడ ఆగదు" అని మైకులో చెప్పారు. మా అబ్బాయి ముందే డబ్బు కట్టి అందరికీ మేగెన్స్ బే అనే సముద్ర తీరానికి టిక్కెట్లు తీసి ఉంచాడు. చాలా అందమైన తీరమట. కోడలు, మనుమడు స్నానపు బట్టలతో తయారయ్యారు. మేము మాత్రం ఊళ్లోకి వెళతామన్నాము.

"నాన్నా, అంత దూరం వచ్చి సముద్రం చూడరా?" అన్నాడు.

"చీరాలలో పుట్టినవాళ్లకు సముద్రం ఎందుకు చూపిస్తావురా?" అన్నాము. నవ్విద్దామని అన్న మాట అది. వాడు నవ్వలేదు. వాడి మొఖం చిన్నబోయింది. ఆ తీరంలో తన కొడుకును భుజాన ఎక్కించుకొని ఈదాలని వాడికి ఎన్నాళ్ల కోరికో. మమ్మల్ని ఒంటరిగా పంపలేక భార్యను, బిడ్డను తీరానికి పంపి తాను మాతో వచ్చాడు. దారి పొడుగునా ఒక్క మాట మాట్లాడలేదు. తప్పు మాదే. అయినా మేము ఊళ్లోకి వెళ్లాలనుకోవడానికి మా కారణాలు మాకున్నవి.

మా నాయన నేతగాడు. చీరాల దగ్గర మా ఊళ్లో మూడు గుంట మగ్గాలు పెట్టుకొని గళ్ల రుమాళ్లు నేసేవాడు. రియల్ మద్రాస్ హ్యాండ్‌కర్చీఫ్ అని వాటికి పేరు. మన చీరాల, వేటపాలెం వైపు నేసిన ఈ గళ్ల బట్ట బేళ్లు కట్టి మద్రాసు చేరేది, అక్కడనుండి ఓడలెక్కి నైజీరియా మొదలైన పడమటి ఆఫ్రికా దేశాలకు పోయేది. తెల్లవారుజామున ఆసు పోస్తూ మా నాయన అనేవాడు, "ఒరేయ్, మనం ఈ గుంటలో నుంచి లేవకపోయినా మన గుడ్డ ఏడు సముద్రాలు దాటుద్దిరా" అని. ఆ ఒక్క గర్వమే ఆయనకుండేది. కూలి ఏనాడూ చాలినంత దొరకలేదు. ఆ గళ్ల బట్టనే ఈ కరీబియను దీవుల స్త్రీలు తలకు చుట్టుకుంటారని, దానిని ఇప్పటికీ "మద్రాస్" అనే పిలుస్తారని మేము ఎక్కడో చదివాము. దానిని కళ్లారా చూడాలన్నది మొదటి కారణం. రెండవది మొరేవియను సంఘపు దేవాలయం. దాని సంగతి తరువాత వ్రాస్తాము.

రేవు నుండి ఊరికి "సఫారీ" అనే బండ్లు తిరుగుతాయి. ట్రక్కు మీద చెక్క బల్లలు వేసి, పైన కప్పు వేసి, పక్కలు ఖాళీగా వదిలేసిన బండి. మన షేరు ఆటోకు పెద్దన్న అనుకోండి. అమెరికా అంతటా బండ్లు కుడి పక్కన నడుస్తాయి, ఈ దీవుల్లో మాత్రం మనలాగే ఎడమ పక్కన. మా ఇంటావిడకు అది చూసి ప్రాణం లేచి వచ్చింది. ఫ్లోరిడాలో కారు ఎక్కినప్పుడల్లా ఎదురు వచ్చే బండి మీదికే వస్తున్నదని కళ్లు మూసుకునేది.

ఊరి పేరు షార్లెట్ అమాలీ. అది ఒక డెన్మార్కు రాణి పేరు. ఎర్ర రంగు వేసిన పాత కోట, దాని వెనుక ఇరుకైన ప్రధాన వీధి. ఒకప్పుడు పంచదార, రమ్ము నిలవచేసిన రాతి గిడ్డంగులన్నీ ఇప్పుడు నగల కొట్లు. వజ్రాలు, వాచీలు, బంగారం. అనేక కొట్లలో యజమానులు మన దేశపు సింధీ వ్యాపారులే. ఒకాయన మా ఇంటావిడ చీర చూసి వాకిట్లోకి వచ్చి హిందీలో పలకరించి చల్లని నీళ్లిచ్చాడు. నెక్లెసు కూడా చూపించాడు. నీళ్లు తాగి వచ్చేశాము.

కోట ఎదుట ఒక తోట ఉన్నది. దానికి విమోచన తోట అని పేరు. 1848 జూలై 3న ఈ దీవులలో బానిసత్వం రద్దయిన సంగతికి గుర్తు. శంఖము ఊదుతున్న బానిస మనిషి విగ్రహం అక్కడ నిలిచి ఉన్నది. ఆ రోజు సెయింట్ క్రాయ్ దీవిలో వేలమంది బానిసలు, శంఖాలు ఊదుకుంటూ, గంటలు కొట్టుకుంటూ కోట ముందుకు వచ్చి నిలబడితే, ఇక ఆపలేక గవర్నరు విడుదల ప్రకటించాడు. తోట పక్కనే వరుసగా గుడారాలు. చొక్కాలు, సంచులు, పూసల దండలు అమ్మే చిల్లర వ్యాపారులు.

ఒక గుడారంలో గళ్ల బట్ట కనబడింది. ఎరుపు, పసుపు, ఆకుపచ్చ. మా గుండె కొట్టుకున్నది. మా అబ్బాయి ముందుకు పోయి, "ఇది ఎంత?" అని అడిగాడు. కుర్చీలో కూర్చున్న పెద్దావిడ తల ఎత్తలేదు. డెబ్బయి యేండ్లు దాటి ఉంటాయి. తలకు అదే గళ్ల గుడ్డ చుట్టుకున్నది. వాడు మళ్లీ అడిగాడు. ఆవిడ నిదానంగా తల ఎత్తి, "గుడ్ మార్నింగ్" అన్నది. వాడికి అర్థమైంది. సిగ్గుపడి "గుడ్ మార్నింగ్ అమ్మా" అన్నాడు. మేమూ అన్నాము. అప్పుడు ఆవిడ మొఖం విచ్చుకున్నది. ఆ దీవిలో ఆచారం అదట. కొట్లోకి వెళ్లినా, బండి ఎక్కినా ముందు పలకరించాలి. పలకరించకుండా బేరం మొదలుపెట్టేవాడు మర్యాద తెలియనివాడు. మా తాతల నాటి ఊళ్లో కూడా అంతే గదా, "అమ్మా, బాగున్నారా" అనకుండా అరుగెక్కేవాళ్లు కాదు. అమెరికాలో పదేళ్లున్న మా వాడు దాన్ని మరచిపోయాడు. ఆ పెద్దావిడ గుర్తు చేసింది.

మా ఇంటావిడ ఆ గుడ్డ చేతిలోకి తీసుకొని, బొటనవేలికీ చూపుడు వేలికీ మధ్య నలిపి చూసింది. ఆమె కూడా చిన్నప్పుడు కండెలు చుట్టిన చెయ్యే. ఏమీ అనలేదు. మేము ఆ పెద్దావిడతో, "అమ్మా, దీనిని మద్రాస్ అంటారు గదా? మాది ఆ దేశమే. మా నాయన ఈ గళ్ల బట్టే నేసేవాడు" అని చెప్పాము. మా అబ్బాయి మా ఇంగ్లీషును సరిచేసి మళ్లీ చెప్పాడు. ఆవిడ సంతోషిస్తుందనుకున్నాము. ఏమి దాచాలి, కాస్త మెచ్చుకుంటుందనే అనుకున్నాము.

ఆవిడ చాలాసేపు మా వైపు చూసింది. తరువాత, "మా అమ్మమ్మ ఒక మాట చెప్పేది. మావాళ్లను ఆఫ్రికాలో కొన్నది ఇలాంటి బట్ట ఇచ్చేనట" అన్నది.

కోపంగా అనలేదు. ఇవాళ ఎండ ఎక్కువగా ఉన్నదన్నట్టే అన్నది. మా నోట మాట రాలేదు. మా వాడు మా వైపు చూసి, "నాన్నా, ఆవిడ ఏమన్నదో అర్థమైందా?" అని మెల్లగా అడిగాడు. అర్థమైంది.

తిరిగి వచ్చిన తరువాత చదివి తెలుసుకున్నాము. ఆవిడ అమ్మమ్మ చెప్పినది నిజమే. 1706లో జీగెన్‌బాల్గు, ప్లుచ్చావు దొరలు ట్రాంకెబారులో దిగిన సంగతి మన సండేస్కూలు పిల్లలకు కూడా తెలుసు. మొట్టమొదట తెలుగులోకి బైబిలును తర్జుమా చేసిన బెంజమిన్ షుల్జ్ కూడా ఆ మిషను నుండి వచ్చినవారే, ఆ తర్జుమా ముద్రణకు నోచుకోలేదు గాని. వారిని పంపించిన డెన్మార్కు రాజు జెండాయే ఆ కాలంలో ఈ సెయింట్ థామస్ మీద కూడా ఎగురుతున్నది. ట్రాంకెబారు వైపు నుండి వెళ్లిన మన దేశపు నూలు బట్టలు కోపెన్‌హాగన్ చేరేవి. అక్కడ తుపాకులు, సారాయితో పాటు ఆ బట్టలను మళ్లీ ఓడలకెత్తి ఆఫ్రికాలోని గినీ తీరానికి పంపేవారు. అక్కడ బట్ట దించి మనుష్యులను ఎక్కించుకునేవారు. ఓడలు ఈ దీవులకు వచ్చి మనుష్యులను దించి పంచదార నింపుకొనేవి. డెన్మార్కు ఒక్కటే కాదు, ఇంగ్లీషువారు, డచ్చివారు, ఫ్రెంచివారు అందరూ కోరమండల్ తీరపు బట్టను ఈ పనికి వాడారు. "గినీ గుడ్డ" అని దానికి పేరే పెట్టారు. డెన్మార్కు ఓడలు ఎక్కించినవారే లక్షకు పైగా ఉంటారని చరిత్రకారుల లెక్క.

నేసినవాడికి ఇది తెలియదు. తెలిసే వీలు లేదు. ఆ కాలపు నేతగాడు దళారి దగ్గర ముందుగా తెచ్చుకున్న బయానా తీర్చలేక నేసినవాడే. అయినా మా నాయన ఏడు సముద్రాల మాట గుర్తు వచ్చి ఆ గుడారంలో మా కాళ్లు బరువెక్కాయి. ఆయన నేసిన కాలానికి ఆ వ్యాపారం ఏనాడో అంతరించింది. ఆయన బట్టను ఆఫ్రికా ప్రజలు తమ డబ్బుతో, తమ పెండ్లిళ్లకు, పండుగలకు కొనుక్కున్నారు. ఈ తేడా ఇప్పుడు ఇంటి దగ్గర కూర్చొని వ్రాయగలుగుతున్నాము గాని అక్కడ నిలబడినప్పుడు తోచలేదు.

మా ఇంటావిడ రుమాలు ఒకటి తీసి వెల అడిగింది. పన్నెండు డాలర్లు అన్నది ఆవిడ. మా ఇంటావిడ ఏ బజారులోనైనా సగానికి అడిగే మనిషి, చీరాల మార్కెట్లో ఆమెను చూస్తే కొట్లవాళ్లు దండం పెడతారు. ఆ రోజు మాత్రం మారు మాట్లాడకుండా డబ్బు లెక్కపెట్టి ఆవిడ చేతిలో ఉంచింది. ఆవిడ ఆ చేతిని వదలలేదు. "మీ ఇంట్లో ఇప్పటికీ నేస్తారా?" అని అడిగింది.

మేము జవాబు చెప్పేలోగా మా అబ్బాయి అందుకున్నాడు. "మా బాబాయి నేస్తాడమ్మా. ఒక్క మగ్గమే మిగిలింది" అన్నాడు. వాడికి మగ్గం అంటే పట్టదనుకునేవాళ్లము. ఎన్ని మగ్గాలు మిగిలినవో వాడికి తెలుసునని కూడా మాకు తెలియదు.

అక్కడినుండి మొరేవియను దేవాలయానికి నడిచాము. ఆ వీధిలోనే రాతితో కట్టిన గుడి, 1884 నాటిది. పని దినము గనుక తాళం వేసి ఉన్నది. మెట్ల మీద నీడలో కూర్చున్నాము. మా అబ్బాయికి ఆ కథ మెట్ల మీదనే చెప్పాము.

1731లో కోపెన్‌హాగన్‌లో రాజుగారి పట్టాభిషేకానికి వెళ్లిన జిన్‌జెన్‌డార్ఫ్ ప్రభువుకు ఆంటోన్ అనే నల్లజాతి సేవకుడు కలిశాడు. సెయింట్ థామస్‌లో బానిసలుగా ఉన్న తన తోబుట్టువులకు దేవుని మాట చెప్పేవారు లేరని దుఃఖపడ్డాడు. ఆ మాట విని జర్మనీలోని హెర్న్‌హూట్ గ్రామం నుండి లియోనార్డ్ డోబర్ అనే కుమ్మరి, డేవిడ్ నీచ్‌మన్ అనే వడ్రంగి బయలుదేరారు. 1732 డిసెంబరు 13న ఈ రేవులోనే దిగారు. వీరు తమను తాము బానిసలుగా అమ్ముకున్నారని మన ఉజ్జీవ కూటములలో తరచుగా వింటాము, మేము కూడా సండేస్కూలులో అలాగే చెప్పాము. అది నిజము కాదు. అవసరమైతే అందుకు కూడా సిద్ధమని డోబర్ అన్నాడు, అంతే. అమ్ముకోలేదు. డోబరుకు కుండలు చేయడానికి తగిన మట్టి దొరకలేదు. నీచ్‌మన్ వడ్రంగపు పని చేసి ఇద్దరి పొట్ట నింపాడు.

వారికంటే మాకు ఎక్కువగా జ్ఞాపకం ఉండేది రెబెకా అనే స్త్రీ. చిన్న వయస్సులోనే ఈ దీవికి బానిసగా వచ్చింది, తరువాత విడుదల పొందింది. చదువు నేర్చుకున్నది. ఇరవై యేండ్ల వయస్సులో, తోట పని ముగిసిన తరువాత చీకటి పడ్డాక కొండ దారుల వెంట నడిచి తోట తోటకూ వెళ్లి బానిస స్త్రీలకు బోధించేది. తోటల యజమానులకు కంటగింపైంది. 1738లో ఆమెను, ఆమె భర్తను చెరసాలలో వేశారు. 1739లో జిన్‌జెన్‌డార్ఫ్ ప్రభువు స్వయముగా వచ్చి విడిపించాడు. అదే సంవత్సరం మగ్దలీన అనే ఒక వృద్ధురాలు, బానిస స్త్రీల తరఫున, తమను దేవుని మాట నేర్చుకోనివ్వమని డెన్మార్కు రాణికి ఉత్తరం పంపింది. ఎవరి మాటా చెల్లని చోట ఒక ముసలమ్మ రాణికి ఉత్తరం వ్రాయించింది! మన స్త్రీల సమాజపు కూటములలో ఈ సంగతి చెప్పవలసినది.

ఇంకొక సంగతి కూడా వాడికి దాచకుండా చెప్పాము. ఆ మొరేవియను మిషనే, డోబర్ వచ్చిన కొద్ది సంవత్సరాలకే ఈ దీవిలో ఒక తోట కొన్నది. తోటతో పాటు దానిలోని బానిసలను కూడా కొన్నది. ఉదయం బానిసలకు బోధ, పగలు వారిచేత పని. మా వాడు చాలాసేపు ఊరుకొని, "మరి ఈ భాగము మాకు సండేస్కూలులో ఎందుకు చెప్పలేదు నాన్నా?" అన్నాడు. అప్పుడు మాకే తెలియదని చెప్పాము. తెలిసి ఉంటే చెప్పేవాళ్లమా అన్నది వేరే ప్రశ్న. వాడు అడగలేదు, మేము చెప్పలేదు.

నాలుగు గంటలకు ఓడ దగ్గరకు చేరాము. కోడలు, మనుమడు ఇసుక కాళ్లతో ఎదురు వచ్చారు. "తాతయ్యా, మీరు ఏం చూశారు?" అని వాడు అడిగితే, వాడి తండ్రే రుమాలు విప్పి చూపించి, "మీ జేజి నేసినలాంటిది" అని చెప్పాడు. ఉదయం నుండి మా మీద ఉన్న అలక అంతటితో పోయినట్టే.

మార్చిలో ఇంటికి వచ్చాము. మరునాడే రుమాలు పట్టుకొని మా తమ్ముడి దగ్గరకు వెళ్లాము. వాడు మగ్గం గుంటలోనే ఉన్నాడు. వెలుతురుకు ఎత్తి పట్టుకొని, అంచు లాగి, దారం వాసన చూసి, "అన్నా, ఇది మగ్గం మీదిది కాదు, మిల్లుది. పేక చూడు, ఎంత వదులుగా ఉన్నదో. ఎంత పెట్టావు?" అన్నాడు.

"వెయ్యి రూపాయలు."

"నిన్నెవడో బాగా ముంచాడు" అని నవ్వాడు. మా ఇంటావిడ కూడా అక్కడ చేతిలోకి తీసుకున్నప్పుడే మిల్లు గుడ్డ అని గుర్తు పట్టిందట. మరి ఎందుకు కొన్నావంటే జవాబు చెప్పలేదు.

అప్పుడు ఆ పెద్దావిడ అన్న మాట తమ్ముడికి చెప్పాము. వాడు నవ్వు ఆపి నాడె పక్కన పెట్టాడు. "మన గుడ్డ ఇచ్చా?" అని ఒక్కసారి అడిగాడు. తరువాత రుమాలు మళ్లీ చేతిలోకి తీసుకొని గళ్లు లెక్కపెట్టాడు. ఎరుపు ఎన్ని దారాలు, పసుపు ఎన్ని దారాలు అని వేళ్ల మీద లెక్క వేసుకున్నాడు.

"అన్నా, ఇదే గడి నేను నేసి ఇస్తాను. నీ కొడుకు మళ్లీ అటు పోతే ఆవిడకు ఇమ్మను. డబ్బులొద్దు. ఆవిడ పేరేమి?"

పేరు మేము అడగలేదు. అంతసేపు మాట్లాడి, చెయ్యి పట్టుకొని, పేరు అడగలేదు. అబ్బాయికి ఫోను చేస్తే వాడూ అడగలేదన్నాడు. కోట వైపు నుండి లెక్కపెడితే నాలుగవ గుడారం, నీలం కుర్చీ అని మాత్రం వాడికి జ్ఞాపకమున్నది. వచ్చే డిసెంబరులో వాడి స్నేహితుడొకరు ఆ వైపు ఓడలో వెళుతున్నారట. ఆ గుర్తులే కాగితం మీద వ్రాసి తమ్ముడికి ఇచ్చాము. వాడు దానిని మగ్గం రాటకు గుచ్చి, నిన్ననే పడుగు ఎక్కించాడు.